నక్షాలో పార్కింగ్.. నేల మీద దుకాణం

కార్పొరేటర్ లేని ఊరు టాటానగర్ (జంషెడ్‌పూర్). ఇంటి పక్కన నిబంధనలకు విరుద్ధంగా ఏదైనా లేస్తే ఎవరికి చెప్పుకోవాలి? అధికారి కదలాలంటే ఎలా చెప్పుకోవాలి?

సాయంత్రం ఆరు దాటాక బిస్టుపూర్ మెయిన్ రోడ్డులో బండి పెట్టడానికి చోటు వెతకండి. రోడ్డుకు రెండు పక్కలా స్కూటర్లు, మోటార్ సైకిళ్ళు వరసగా ఒరిగి ఉంటాయి. వాటి వెనక కార్లు. ఇక మిగిలిన సందులో ఆటోలు, జనం. ఏదో ఒక కాంప్లెక్స్ ముందు ఆగి కాస్త కిందికి చూడండి. బండ్లు దిగడానికని పోసిన సిమెంటు వాలు కనిపిస్తుంది. చక్రం జారకుండా దాని మీద గీసిన గాళ్ళు కూడా కనిపిస్తాయి. ఆ వాలు చివర షట్టర్ ఉంటుంది, కొన్నిచోట్ల అద్దాల తలుపు, లోపల లైట్లు, కౌంటరు. ఆఫీసు ఫైల్లో ఉన్న నక్షా, అంటే పాస్ చేసిన ప్లాను ప్రకారం అది పార్కింగ్. నేల మీద మాత్రం దుకాణం.

కింద ఉండాల్సిన బండ్లు పైకొచ్చి రోడ్డెక్కాయి. రోడ్డు మీద నడవాల్సిన మనం వాటి మధ్య సందులు వెతుక్కుంటున్నాం. సాక్చీలోనూ ఇదే కథ. కదమా, సోనారీ, కాసీడీహ్ లాంటి నివాస ప్రాంతాలకు వచ్చేసరికి కథ రూపం మార్చుకుంటుంది. ఇల్లని అనుమతి తీసుకున్న చోట గోడౌన్ వెలుస్తుంది, లేదంటే ఫంక్షన్ హాలు, హాస్టలు, కోచింగ్ సెంటరు. మూడంతస్తులకు అనుమతి తెచ్చుకున్న ఇంటికి నాలుగోది లేస్తుంది. పక్కింటివాళ్ళు చూస్తారు, నొచ్చుకుంటారు, నాలుగు రోజులు మాట్లాడుకుంటారు. ఆ తర్వాత అలవాటు పడిపోతారు.

అలవాటు పడాల్సిన అవసరం లేదని చెప్పడానికే ఈ కథనం. అధికారులు కదలరన్నది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, అధికారి కదలక తప్పని తీరులో మనం అడగడం లేదు.

ప్లాను గీసుకుని పుట్టిన ఊరు

ఈ దేశంలో ముందు జనం చేరి, తర్వాత రోడ్లు పడిన ఊళ్ళే ఎక్కువ. టాటానగర్ అలా కాదు. 1902లోనే జంషెడ్‌జీ టాటా తన కొడుకు దొరాబ్జీకి ఉత్తరం రాస్తూ, కట్టబోయే ఉక్కు పట్టణంలో వీధులు వెడల్పుగా ఉండాలనీ, త్వరగా ఎదిగి నీడనిచ్చే చెట్లు నాటాలనీ, పచ్చిక బయళ్ళకూ ఆటస్థలాలకూ చోటు వదలాలనీ చెప్పారు. అప్పటికి కర్మాగారం ఎక్కడ కట్టాలో కూడా తేలలేదు. చోటు దొరక్కముందే ఊరి తీరు ఆలోచించిన మనిషాయన.

ఆ తర్వాత 1911 ప్రాంతంలో పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన జూలియన్ కెనెడీ సంస్థ తొలి ప్లాను గీసింది. 1912లో ఉక్కు పోత మొదలైంది. 1919 జనవరిలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చీ ప్రాంతానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. ఆ రోజుల్లోనే ఎఫ్.సి. టెంపుల్ అనే ఇంజినీరు మురుగు పారుదలను, నేల వాలును దృష్టిలో పెట్టుకుని ఊరికి రెండో ప్లాను వేశాడు. 1936లో స్టోక్స్ మూడోది గీశాడు. 1940ల మధ్యలో జర్మనీ నుంచి వచ్చిన ఓటో కోనిగ్స్‌బర్గర్ నాలుగోది తయారుచేశాడు. బడీ, బజారూ నడిచి వెళ్ళే దూరంలో ఉండేలా పేటలను అమర్చాలన్నది ఆయన లెక్క. ఆ తర్వాత భువనేశ్వర్‌కు ప్లాను గీసిందీ ఆయనే.

ఇంత చరిత్ర ఎందుకంటే, ఇక్కడ ఇల్లెక్కడ, దుకాణమెక్కడ, ఖాళీ ఎక్కడ అన్నది మొదటి రోజు నుంచీ రాసిపెట్టుకున్న సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే లైను పట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం, గంజాం పల్లెల నుంచి వచ్చిన మన తాతలు దిగింది అలాంటి ఊళ్ళో. బిస్టుపూర్‌లో రామమందిరం కట్టుకున్నా, కదమాలో ఆంధ్రా అసోసియేషన్ పెట్టుకున్నా, ఈ పట్టణపు కొలతలకు లోబడే చేసుకున్నారు. ఆ కొలతలను ఇప్పుడు ఎవరో చెరిపేస్తుంటే అడిగే హక్కు మనకు ఎందుకుండదు?

ఎవరిని అడగాలి?

అడుగుదామంటే మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. విజయవాడలోనో విశాఖలోనో అయితే వార్డుకో కార్పొరేటరు ఉంటాడు. తిట్టుకున్నా, బతిమాలుకున్నా ఒక గుమ్మం ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో ఆ గుమ్మమే లేదు. 1924లో ఏర్పడిన నోటిఫైడ్ ఏరియా కమిటీయే పట్టణ పాలన చూస్తూ వచ్చింది. ఊళ్ళో అందరూ అక్షేస్ అని పిలిచేది దాన్నే. అందులో జనం ఓటేసి పంపిన మనిషి లేడు. సర్కారు నియమించిన అధికారే దానికి పెద్ద.

ఎన్నికైన మున్సిపాలిటీ కావాలని 1980ల చివర్లో ఇక్కడి హక్కుల కార్యకర్త జవహర్‌లాల్ శర్మ సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పాలకమండళ్ళు ఉండాలంది. పారిశ్రామిక పట్టణాలకు మినహాయింపు ఇచ్చుకోవచ్చని అందులోనే ఒక వెసులుబాటు కూడా ఉంచింది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం ఆ వెసులుబాటునే వాడుకుని జంషెడ్‌పూర్‌ను పారిశ్రామిక పట్టణంగా ప్రకటించింది. ఓటు హక్కున్న ఊరికి వార్డు మెంబరు మాత్రం లేకుండా పోయాడు.

దీనికి తోడు భూమి సంగతొకటి ఉంది. ఊరి నడిబొడ్డు చాలావరకు టాటా స్టీలుకు ప్రభుత్వం లీజుకిచ్చిన నేల. 1996 జనవరి 1 నుంచి 30 ఏళ్ళకు లెక్కకట్టి ఆ లీజును 2005లో పునరుద్ధరించారు. ఆ లీజులోంచి ఇళ్ళకు, దుకాణాలకు ఇచ్చిన స్థలాలకు కంపెనీ భూవిభాగం షరతులు పెట్టింది. నక్షా పాస్ చేసేది అక్షేస్. నీళ్ళు, కరెంటు ఇచ్చేది ఒకప్పటి జుస్కో, ఇప్పటి టాటా స్టీల్ యూఐఎస్ఎల్. వీధిలో రభస అయితే చూడాల్సింది పోలీసు ఠాణా, ధాల్‌భూమ్ సబ్ డివిజనల్ ఆఫీసర్ (ఎస్‌డీఓ). పైగా ఊరు ఒక్క గీతతో ఆగిపోదు. సువర్ణరేఖ దాటితే మాన్‌గో, దానికి వేరే కార్పొరేషన్. జుగ్సలాయికి వేరే పురపాలక సంఘం. ఖర్కాయి దాటితే ఆదిత్యపూర్, అక్కడ జిల్లాయే మారిపోతుంది.

కాబట్టి ఒకే ఫిర్యాదు పట్టుకుని వెళ్ళినవాడికి ఒకచోట "ఇది కంపెనీ జమీన్, అక్కడికెళ్ళండి" అంటారు. అక్కడికెళ్తే "నక్షా మేము పాస్ చెయ్యలేదు" అంటారు. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడరు. మనిషి మాత్రం తిరిగి తిరిగి అలిసిపోయి ఇంటికొచ్చి కూర్చుంటాడు. అక్రమంగా కట్టుకునేవాడికి ఇంతకన్నా పెద్ద అండ ఇంకొకటి అక్కర్లేదు.

సెల్లారు అంటే చిన్న సంగతి కాదు

జంషెడ్‌పూర్‌లో నక్షాకు మించి లేచిన కట్టడాల మీద, పార్కింగును మింగేసిన బేస్‌మెంట్ల మీద 2018లో జార్ఖండ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. ఏళ్ళ తరబడి అది నడిచింది. కాగితాల మీద అక్షేస్ చెబుతున్నది నేల మీద ఎంతవరకు నిజమో తేల్చడానికి హైకోర్టు ముగ్గురు న్యాయవాదులతో కమిటీ వేసి, వాళ్ళను స్వయంగా కట్టడాల దగ్గరికి పంపింది. ఆ ఒత్తిడి వచ్చాకే బేస్‌మెంట్లకు సీళ్ళు, పై అంతస్తులకు సుత్తి దెబ్బలు పడడం ఊరు చూసింది. వీధిలో పక్కింటివాడు మొదటి రోజే చూసిన సంగతిని చూడడానికి రాంచీ నుంచి కోర్టు కదలాల్సి వచ్చింది.

పార్కింగు పోతే రోడ్డు ఇరుకవుతుంది, అంతేగా అనేవాళ్ళున్నారు. అంతే కాదు. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో రూబీ హోటల్ ఉన్న భవనంలో కింద నడుస్తున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ మెట్ల దారిన పైకి పాకి, హోటలు గదుల్లో బస చేసినవాళ్ళను ఉక్కిరిబిక్కిరి చేసింది. ఎనిమిది మంది చనిపోయారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో వాననీరు ఒక కోచింగ్ సెంటరు బేస్‌మెంటులోకి దూకింది. అది సామాను పెట్టుకోవడానికి, బండ్లకు అని అనుమతి తీసుకున్న చోటు. అక్కడ లైబ్రరీ నడిపారు. చదువుకుంటున్న ముగ్గురు పిల్లలు నీళ్ళలో ప్రాణాలు వదిలారు.

నక్షాలో "పార్కింగ్" అని రాసిన చోట మనుషుల్ని కూర్చోబెట్టకూడదనడం వెనక ఉన్న లెక్క ఇది. బండ్లు పెట్టే చోటికి చాలాచోట్ల రెండో మెట్ల దారి ఉండదు, గాలి సరిగ్గా ఆడదు, నీళ్ళు వస్తే ముందు నిండేది అదే. అందుకని ఈ ఫిర్యాదును ఇరుగుపొరుగు తగాదాగా చూడకూడదు. లోపల కూర్చున్నవాడి ప్రాణం కోసం కూడా ఇది అడగాల్సిందే.

ఫిర్యాదు ఎక్కడ నిద్రపోతుంది?

కదమాలో ఒక వీధి అనుకుందాం. చివరి ఇంటికి కొత్త యజమాని వచ్చాడు. ఇల్లు పడగొట్టాడు. ఇంటికి అవసరమైన దానికన్నా లోతుగా పునాది తవ్వుతున్నాడు. ఎదురింటి పెద్దాయన, కర్మాగారంలో రిటైరైన మనిషి, పక్కింటి కుర్రాడితో అంటాడు.

"ఒరే బాబూ, ఈ గొయ్యి చూస్తే ఇల్లు కట్టే వాటం కాదురా. కింద గోడౌను పెడతాడేమో."

"ఉండొచ్చు మావయ్యా. మనకెందుకు గొడవ? ఆయనకి పైన పెద్ద చేతులున్నాయట. సెట్టింగ్ అయిపోయిందంటున్నారు."

ఆ మాటతో ఆరు నెలలు గడిచిపోతాయి. స్లాబు పడుతుంది. లారీలు రావడం మొదలవుతుంది. రాత్రి పదకొండింటికి సామాను దించుతుంటే వీధిలో నిద్రుండదు. అప్పుడు నలుగురూ కలిసి, కోపంగా ఒక అర్జీ రాస్తారు. "మా వీధిలో ఒక పెద్ద మనిషి అధికారులను కొనేసి అన్యాయంగా గోడౌను నడుపుతున్నాడు. మా బతుకులు నరకమయ్యాయి. తక్షణమే కఠిన చర్య తీసుకోగలరు." ఆ అర్జీని ఆఫీసులో ఎవరి చేతికో ఇచ్చి వస్తారు. అంతే సంగతులు.

ఈ అర్జీలో తప్పులు లెక్కపెడదాం. ఇంటి నంబరు లేదు, ప్లాటు నంబరు లేదు. ఎప్పటి నుంచి అన్నది లేదు. ఏ నిబంధన తప్పిందో లేదు. అధికారులు అమ్ముడుపోయారన్న నింద ఉంది కాబట్టి, ఏ అధికారీ దాన్ని తన ఫైల్లో పెట్టుకోడు. "కఠిన చర్య" అంటే ఏ చర్య? స్థలం చూడాలా, నోటీసు ఇవ్వాలా, సీలు వెయ్యాలా? అందుకున్నట్టు ముద్ర లేదు. రేపు "మాకు రాలేదే" అంటే చూపించడానికి చేతిలో కాగితం లేదు. అన్నిటికన్నా పెద్ద తప్పు ఆరు నెలల ఆలస్యం. గొయ్యి దగ్గర పని ఆపమనడానికి ఒక నోటీసు చాలు. అద్దెకున్నవాళ్ళు దిగి, బ్యాంకు అప్పిచ్చి, కరెంటు మీటరు బిగించాక అదే పనికి కోర్టులు కావాలి.

కదిలించే కాగితం

అదే వీధి నుంచి ఇంకో అర్జీ ఇలా వెళ్ళొచ్చు, హిందీలోనో ఇంగ్లీషులోనో. "ఇంటి నంబరు ఫలానా, వీధి ఫలానా. ఈ స్థలంలో ఫలానా తేదీ నుంచి పునాది తవ్వకం జరుగుతోంది. ఆమోదించిన నక్షా వివరాల బోర్డు లేదు. ఇది నివాస వీధి. తేదీ వేసిన ఫొటోలు నాలుగు జతచేశాం. మా విన్నపాలు మూడు. ఒకటి, స్థల పరిశీలన చేయించండి. రెండు, పాస్ చేసిన నక్షాతో పోల్చి, తేడా ఉంటే చట్టప్రకారం నోటీసు ఇచ్చి పని ఆపించండి. మూడు, తీసుకున్న చర్య మాకు రాతపూర్వకంగా తెలియజేయండి." కింద ఒక్కరి సంతకం కాదు, వీధిలో పది ఇళ్ళ సంతకాలు.

ఈ కాగితంలో కోపం లేదు, నింద లేదు. చదివిన గుమాస్తాకు ఏం చేయాలో తెలిసిపోతుంది. కాదనాలంటే ఆయన కూడా కాగితం మీదే కాదనాలి. ఎవరూ పక్కన పడేయలేని కాగితం ఇదే.

రెండు ప్రతులు తీసుకెళ్ళండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ఇక్కడి ఆఫీసుల్లో దాన్ని రిసీవింగ్ అంటారు. "సాహెబ్ మీటింగులో ఉన్నారు, పెట్టి వెళ్ళండి" అంటే పెట్టి వెళ్ళకండి, రిసీవింగ్ ఇచ్చేదాకా నిలబడండి. ఇవ్వనంటే ఆ రోజే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. జిల్లా కలెక్టర్ని ఇక్కడ డిప్యూటీ కమిషనర్ అంటారు. ఆయన జనం మొర వినే రోజున అదే కాగితం ప్రతి ఆయన చేతికీ ఇవ్వండి. అక్కడి నుంచి కింది ఆఫీసుకు వచ్చే ఫిర్యాదుకు నంబరు పడుతుంది. నంబరు పడిన కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయాలి.

తర్వాతి మెట్టు సమాచార హక్కు చట్టం. 2005 నాటి ఆ చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. "చర్య ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితే మాత్రం జవాబు రాదు, ఎందుకంటే "ఎందుకు" అన్నది రికార్డులో ఉండదు. రికార్డులో ఉన్నదాన్ని అడగాలి. ఫలానా ప్లాటుకు పాస్ చేసిన నక్షా ధ్రువీకరించిన ప్రతి. ఫలానా తేదీన మేమిచ్చిన ఫిర్యాదు మీద ఫైల్లో రాసిన నోటింగుల ప్రతి. స్థల పరిశీలన నివేదిక ప్రతి. జారీ చేసిన నోటీసుల ప్రతి. పనులు పూర్తయిన ధ్రువపత్రం ఇచ్చి ఉంటే దాని ప్రతి. ఫైలును స్వయంగా వెళ్ళి చూసే హక్కు కూడా ఈ చట్టంలోనే ఉంది, దాన్నీ అడగండి. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. ఆ మీద రాష్ట్ర సమాచార కమిషన్. జార్ఖండ్‌లో ఆ కమిషన్ 2020 మే నుంచి కమిషనర్లు లేక ఏళ్ళ తరబడి మూతపడినట్టే ఉండిపోయింది. కాబట్టి ఇక్కడ మొదటి అప్పీలు దగ్గరే గట్టిగా నిలబడాలి. అప్పీలు విచారణకు పిలిస్తే స్వయంగా వెళ్ళాలి. ఆ గదిలోనే ఫైలు బల్ల మీదికి వస్తుంది.

చేతికి నక్షా వచ్చిందంటే సగం పని అయినట్టే. అప్పటిదాకా మీది అనుమానం. నక్షా చేతిలో ఉంటే అది కొలత. పార్కింగ్ అని గీసిన చోట షట్టరు ఉన్న ఫొటో పక్కన పెడితే, ఆ రెండు కాగితాలకూ జవాబు చెప్పడం ఏ ఇంజినీరుకూ తేలిక కాదు.

ఏ సమస్యకు ఏ తలుపు?

నక్షాకు మించిన అంతస్తు, పార్కింగులో దుకాణం, ఇంటి అనుమతితో వ్యాపారం: అక్షేస్, లేదా మీరున్న మాన్‌గో, జుగ్సలాయి, ఆదిత్యపూర్ పురపాలక ఆఫీసు. జార్ఖండ్ పురపాలక చట్టం 2011, భవన నిబంధనలు 2016 వాళ్ళకు ఆ అధికారం ఇచ్చాయి.

కంపెనీ లీజు స్థలంలో లీజు షరతు తప్పడం: పై ఫిర్యాదుతో పాటు ఒక ప్రతి కంపెనీ భూవిభాగానికి. ఒకరికి రాసిన కాగితంలోనే "ప్రతి: రెండోవారికి" అని వేస్తే, ఒకరి మీద ఒకరు తోసుకోవడం కష్టమవుతుంది.

వీధికి అడ్డం, ప్రమాదకరమైన సామాను, పొగ, కంపు: ధాల్‌భూమ్ ఎస్‌డీఓ కోర్టు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ప్రజలకు ఇబ్బంది కలిగించేదాన్ని తొలగించమని ఆయన షరతులతో కూడిన ఉత్తర్వు ఇవ్వగలరు. పాత నేర విచారణ స్మృతిలో ఇదే 133వ సెక్షన్.

శబ్దం: 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు హద్దు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఠాణాకు, కాలుష్య నియంత్రణ మండలికి రాయాలి.

నిప్పు భయం: అగ్నిమాపక శాఖకు విడిగా రాయాలి. ఈ ఫిర్యాదు మీద తనిఖీ జరిగితే ఆ నివేదిక మిగతా అన్ని ఫైళ్ళకూ సాక్ష్యమవుతుంది.

చట్టం పక్కింటివాడి వైపే ఉంది

"నీ స్థలం కాదు, నీ గోడ కాదు, నీకేం పని?" ఫిర్యాదు చేసినవాడు మొదట వినే మాట ఇది. దీనికి సుప్రీంకోర్టు 1974లోనే జవాబు చెప్పింది. ఉడుపిలో ఒకాయన కల్యాణమంటపం, ఉపన్యాస మందిరం అని అనుమతి తీసుకుని, తర్వాత దాన్ని సినిమా హాలుగా మార్చుకోవడానికి పురపాలక సంఘం చేత ఒప్పించుకున్నాడు. ఆ పేటలో నివాసముండే రామదాస్ షెణై అభ్యంతరం చెప్పాడు. నివాస పేటలో అక్రమంగా సినిమా హాలు లేస్తే అక్కడ ఉండేవాళ్ళ హక్కుకే దెబ్బ అని, పేట చెడకుండా చూడడం పురపాలక సంఘం బాధ్యత అని కోర్టు తేల్చింది. అడిగేందుకు ఆ వీధిలో బతుకుతుండడమే చాలు.

"మా దగ్గర మనుషుల్లేరు, డబ్బుల్లేవు" అన్న సాకును 1980లో రత్లాం కేసు తీసిపారేసింది. మధ్యప్రదేశ్‌లోని ఆ ఊరి వార్డు ప్రజలు మురుగు కాల్వల గురించి 133వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళారు. నిధులు లేవన్నది చట్టం మోపిన బాధ్యత నుంచి తప్పించుకునే దారి కాదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పు రాశారు. ధాల్‌భూమ్ ఎస్‌డీఓ గది తలుపు తట్టేవాళ్ళు ఆ తీర్పు పేరు గుర్తుంచుకోవాలి.

ఇటీవలిది 2024 డిసెంబరు 17 నాటి తీర్పు. మీరట్‌లో నివాస ప్లాటులో కట్టిన దుకాణాల కేసు అది. దేశమంతటికీ వర్తించేలా జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ఆదేశాలిచ్చారు. పాస్ అయిన నక్షాను పని జరిగేంతకాలం అక్కడే బోర్డు మీద పెట్టాలి. అధికారులు మధ్యమధ్యలో వచ్చి తనిఖీ చేసి రికార్డు చేయాలి. పని పూర్తయినట్టు ఇచ్చే ధ్రువపత్రం చూశాకే నీళ్ళు, కరెంటు కనెక్షన్లు ఇవ్వాలి. బ్యాంకులు కూడా ఆ పత్రం చూసే అప్పివ్వాలి. అక్రమ కట్టడంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదు. తప్పుడు ధ్రువపత్రం ఇచ్చిన అధికారి మీద శాఖాపరమైన చర్య ఉండాలి. అధికారులు ఇన్నాళ్ళు ఊరుకున్నారు కాబట్టి అక్రమం సక్రమమైపోదని కూడా కోర్టు స్పష్టంగా చెప్పింది. మీ అర్జీలో ఈ తీర్పు తేదీ ఒక్క వాక్యంలో రాయండి. చదివే అధికారికి తన ఉద్యోగం గుర్తొస్తుంది.

పేదవాడి గుడిసె మీదికి కాదు

ఇంత చెప్పాక ఒక మాట తప్పకుండా చెప్పాలి. ఫిర్యాదు అన్న ఆయుధం చేతికొస్తే, అది ముందుగా తగిలేది బలహీనుడికే. అరుగు మీద కుట్టుమిషను పెట్టుకున్న ఆవిడ, వీధి మలుపులో టీ బండి నడిపే మనిషి, 86 బస్తీల్లో ఇల్లు కట్టుకుని హక్కు పత్రం కోసం ఎదురుచూస్తున్న కుటుంబం.. వీళ్ళ లెక్క వేరు. టాటా లీజు నేల నుంచి 2005లో విడదీసిన ఆ బస్తీల సంగతి దశాబ్దాలుగా తేలలేదు. అక్కడున్నవాళ్ళు అదే కర్మాగారానికి, అవే ఇళ్ళకు చాకిరీ చేసినవాళ్ళు. చోటు ప్లానులో చూపించకపోవడం వాళ్ళ తప్పు కాదు. నాలుగంతస్తుల లాభం కోసం నక్షా తప్పినవాడిని, తల దాచుకోవడానికి గోడ లేపుకున్నవాడిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

అందుకే 2024 నవంబరు 13న జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్ ఇచ్చిన తీర్పును కూడా మనం అంతే గట్టిగా పట్టుకోవాలి. కూల్చేముందు కనీసం 15 రోజుల నోటీసు ఉండాలి. మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. అంత పని ఎందుకు అవసరమో కారణాలతో ఉత్తర్వు రాయాలి. కూల్చడాన్ని వీడియో తీయాలి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క చోటు, నది, చెరువు లాంటి బహిరంగ స్థలాలను ఆక్రమించిన వాటికీ, కోర్టే కూల్చమన్న వాటికీ మినహాయింపు. ఈ పద్ధతి పాటించమని అడగడం ఫిర్యాదును బలహీనం చేయదు. పద్ధతి తప్పి చేసిన కూల్చివేత అప్పీలులో నిలబడదు. అలా ఓడిపోయిన కేసు చూసి నలుగురు కొత్తవాళ్ళు అక్రమంగా కట్టడానికి ధైర్యం తెచ్చుకుంటారు.

గేటు లోపలి అలవాటు గేటు బయట

టాటానగర్ తెలుగువాళ్ళకు ఒక విద్య వచ్చు. కర్మాగారంలో పనిచేసిన ప్రతి ఇంట్లో ఆ విద్య ఉంది. షాపులో ఒక బోల్టు వదులైనట్టు కనిపిస్తే, ఎవరికీ దెబ్బ తగలకముందే "నియర్ మిస్" అని కాగితం రాస్తారు. ఎక్కడ, ఎప్పుడు, ఏం కనిపించింది, ఏం చేయాలి అన్న నాలుగు ముక్కలే అందులో ఉంటాయి. రాసినవాడిని ఎవరూ గొడవలమారి అనరు. రాయకపోతేనే అడుగుతారు. పునాది గొయ్యి లోతు ఎక్కువైందని రాయడం కూడా అలాంటి కాగితమే. గేటు లోపల బాధ్యత అనుకున్నదాన్ని గేటు బయటికి రాగానే "మనకెందుకు గొడవ" అనుకుంటున్నాం.

ఊళ్ళో మనకు సంఘాలకు లోటు లేదు. ఉగాదికి, శ్రీరామనవమికి కలుసుకునే మందిరాలున్నాయి, హాళ్ళున్నాయి. లాగ్ బుక్కులు రాసీ రాసీ చేయి తిరిగిన పెద్దలు ఆ సంఘాల్లో ఉన్నారు. హిందీలో ముత్యాల్లాంటి అక్షరాలు రాసే పిల్లలున్నారు. ఒక బల్ల వేసి, నెలకో ఆదివారం ఇద్దరు పెద్దలు, ఇద్దరు కుర్రవాళ్ళు కూర్చుంటే చాలు. వచ్చినవాళ్ళ ఫిర్యాదు సరిగ్గా రాసిపెట్టడం, సమాచార హక్కు దరఖాస్తు నింపడం, 30 రోజుల గడువులు ఒక పుస్తకంలో వేసుకుని గుర్తుచేయడం వాళ్ళ పని. తెలుగువాళ్ళకే కాదు, వీధిలో ఉన్న బెంగాలీకీ, ఒడియాకీ, సంతాలీకీ కూడా చేసిపెట్టాలి. పది ఇళ్ళ సంతకాలు పది భాషల్లో ఉంటే ఆ కాగితాన్ని ఒక కులం గొడవనో, ఒక మనిషి పగనో కొట్టిపారేయడం ఎవరి తరమూ కాదు.

కార్పొరేటర్ వచ్చేదాకా, వచ్చినా కూడా, ఈ పని మనదే. కావాల్సింది ధైర్యం కన్నా ముందు తొందర. మీ వీధిలో ఎక్కడైనా కొత్తగా గొయ్యి తవ్వుతున్నారా? నక్షా బోర్డు ఉందో లేదో రేపు పొద్దున్నే చూడండి. లేకపోతే ఒక ఫొటో తీసి, రెండు ప్రతులు రాసి, సోమవారం పదిన్నరకల్లా ఆఫీసు గుమ్మంలో ఉండండి. స్లాబు పడకముందు అడిగిన ప్రశ్నకు జవాబు తేలిక. అడిగేవాడికీ, చెప్పేవాడికీ, కట్టుకునేవాడికీ కూడా.